మా బావ కెమెరా మీద నా తీర్పు

మా బావ ఆ కెమెరాని నా బల్ల మీద పెట్టి, "ఇది ఎలాంటిదో చూసి చెప్పవోయ్" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను అడగడం అదే మొదటిసారి. నేనేమో కెమెరాలు అమ్మి, కెమెరాలు బాగుచేసి పొట్ట పోసుకునేవాణ్ణి. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా "బావా, దాన్ని అవతల పారెయ్" అని చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "నీ కొట్లో సరుకు నాకు అంటగట్టాలని నీ ఎత్తు" అని నవ్వేసి, దాని నడుముకున్న రబ్బరుబ్యాండు సవరించుకునేవాడు. అవును, రబ్బరుబ్యాండే. బ్యాటరీల మూతకున్న కొక్కెం ఎప్పుడో విరిగింది. ఊరికే బాగుచేసి పెడతానన్నా ఒప్పుకోలేదు. రబ్బరుబ్యాండు ఉండగా కొక్కెం ఎందుకట.

"సరదాకి ఫొటోలు తీసుకోవడానికి పనికొస్తుందా, రాదా? అది చెప్పు చాలు" అన్నాడు మళ్ళీ.

అడిగాడు కదా అని కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"బావా, ఇది కొత్తగా ఉన్న రోజుల్లోనే పాతది. ఆ కంపెనీవాడు చేసినవాటిలో అన్నిటికన్నా కిందమెట్టుది. కొట్లవాళ్ళు దీన్ని అద్దాల అలమరలో కూడా పెట్టేవాళ్ళు కాదు, గల్లాపెట్టె పక్కన బుట్టలో పోసి అమ్మేవాళ్ళు. బొమ్మ చూసుకునే తెర అగ్గిపెట్టెంత. దాని మీద పిల్లి గోళ్ళు పదును పెట్టుకున్నట్టు ఆ గీతలేంటి? జూమ్ తిప్పితే పిండిమర ఆడిన చప్పుడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే ఎవరో మనిషని పోల్చుకోవచ్చు. గదిలో తీశావా, మొహం నిండా ఇసక చల్లినట్టే. పోనీ ఫ్లాష్ వేశావా, ముందున్నవాడు సున్నం కొట్టిన గోడ, వెనకున్నవాడు బొగ్గు. ఇక మీట నొక్కాక అది తీరిగ్గా చేసే ఆలోచన ఉందే..."

"కొంచెం ఆలస్యం చేస్తుందంతే" అన్నాడు బావ.

"కొంచెమా!" అన్నాను.

ఆ ఆలస్యం సంగతి చెప్పాలి. మీట నొక్కగానే ఆ కెమెరా ముందొక కీచుకూత కూస్తుంది. అది విని అయిపోయిందనుకుని అందరూ నవ్వు దించేసి, బిగబట్టిన పొట్టలు వదిలేసి, పక్కవాడితో మాటల్లో పడతారు. అసలు బొమ్మ పడేది అప్పుడు. వాళ్ళింట్లో ఏ ఫొటో చూసినా జనం బస్సు తప్పిపోయినవాళ్ళలా ఉంటారు. దానికి విరుగుడుగా మా బావకొక వెధవ అలవాటు పట్టుకుంది. కెమెరా వెనక ఉన్నా ముందున్నా సరే, కూత వినపడగానే కొయ్యబారిపోయి, పళ్ళు కదపకుండా, "కదలకు, ఇంకా పడలేదు" అంటాడు. ఒకసారి నా కొట్లో, నా ఖరీదైన కెమెరాతో, ఏదో అర్జీకి కావాలంటే ఆయన ఫొటో తీశాను. తీసేసి లైట్లు ఆర్పేసినా స్టూలు మీద అలాగే కూర్చున్నాడు. "ఇంకా పడలేదు" అని పళ్ళ సందులోంచి నన్నే కోప్పడ్డాడు.

కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ కెమెరాని ఎంత తిట్టినా ఆయన ఎప్పుడూ ఎదురు వాదించేవాడు. ఇప్పుడు కుర్రకారంతా ఇలాంటివాటికోసమే ఎగబడుతున్నారనో, తేలికగా ఉంటుందనో, జేబులో పడుతుందనో. ఆ కుర్రకారు సంగతీ నాకు తెలుసు. ఫోనులో తీసిన బొమ్మ మరీ శుభ్రంగా ఉందట, కాస్త పాడుగా రావాలట, అందుకని నా కొట్టుకొచ్చి ఇలాంటి డొక్కులు ఏరుకుపోతారు. ఎవరి పిచ్చి వారికానందం. కానీ ఆ రోజు బావ ఏమీ వాదించలేదు. నేను తిట్టడం ఆపేదాకా రబ్బరుబ్యాండు లాగుతూ, వదులుతూ కూర్చున్నాడు.

"ఇదంతా మీ అక్క ముందు అనకు. నువ్వు ఇంటికొచ్చి, ఇది మంచి కెమెరా అని ఒక్క మాట చెప్పాలి" అన్నాడు.

"చచ్చినా చెప్పను."

"చెప్పకపోతే మీ అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదురా" అన్నాడు.

ఆయన నన్ను 'రా' అనడం చాలా అరుదు. అప్పుడు మొహంలోకి సరిగ్గా చూశాను. గడ్డం మాసి ఉంది. చొక్కా నిన్నటిదే.

మా అక్క పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైంది. రోజూ పొద్దున ఆవిడ చేసే మొదటి పని తారీఖు ముద్రలో అంకెలు మార్చడం. మార్చి, ఒక తెల్లకాగితం మీద ఒక్క దెబ్బ కొట్టి, కళ్ళజోడు పెట్టుకుని చూసుకుని, అప్పుడు కిటికీ తలుపు ఎత్తి "రండి" అనేది. తారీఖు లేని కాగితం చెల్లదనేది ఆవిడ మతం. చిన్నప్పుడు నేను హాస్టల్ నుంచి రాసిన ఉత్తరం మీద తారీఖు వెయ్యలేదని, చదివి కూడా, వేసి పంపమని తిప్పి పంపిన మనిషి. అలాంటి మనిషికి మతిమరుపు పట్టుకుంది. మొదట పేర్లు పోయాయి, తర్వాత తాళాలు, తర్వాత ఏళ్ళకేళ్ళు. ఇప్పుడు తను ఇంకా ఉద్యోగంలో ఉన్నాననే అనుకుంటోంది. నన్ను మాత్రం గుర్తుపడుతుంది. నాకు చిన్నప్పట్నుంచీ ఇదే బక్క ఒళ్ళు, ఇదే పల్చటి జుట్టు కాబట్టేమో. బావ సంగతి వేరు. ఒకప్పుడు ఒత్తయిన జుట్టు, దాన్ని దువ్వుకోవడానికి అద్దం ముందు ఆయన చేసే జాగారం చూసి అక్కే వేళాకోళం చేసేది. ఇప్పుడు నున్నటి గుండు, పొట్ట. ఆవిడ ఉంటున్న ఏళ్ళలో ఈ మనిషి ఇంకా పుట్టలేదు.

"నన్ను సార్ అంటోంది" అన్నాడు బావ. "నేను 'నువ్వు' అంటే పరాయి ఆడవాళ్ళతో అదేం మాటని ఉలిక్కిపడుతోంది. అందుకని నేనూ మేడం అంటున్నాను."

కట్టుకున్న పెళ్ళాన్ని మేడం అంటున్నాడు! ఈ సంగతంతా ముందే చెప్పలేదేమని నేను కేకలేశాను. చెబితే మాత్రం నువ్వేం చేస్తావన్నాడు. అదీ నిజమే.

సాయంత్రం కాగానే అక్క మర్యాదగా, "మా ఆయన వచ్చే వేళయింది సార్, ఇక మీరు బయల్దేరండి" అంటుందట. ఈయన కిక్కురుమనకుండా తన పాత ఆఫీసు సంచీ తీసుకుని బయటికెళ్ళి, వీధి చివర మందులషాపు దాకా నడిచి, అక్కడ బల్ల మీద కాసేపు కూర్చుని, తిరిగొచ్చి తలుపు కొడతాడు. చాలా రోజులు ఆ ఉపాయం పారింది. మునిచీకట్లో సంచీ చూసి, మొహం సరిగ్గా చూడకుండానే, "వచ్చారా" అని లోపలికి పోయేది. పాపం, పొద్దున లేచేసరికి మళ్ళీ సార్. ఆయన అంతటితో సర్దుకుపోయినా బాగుండేది. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయినట్టు, తనే మొగుణ్ణని రుజువు చేద్దామని ఫొటోలన్నీ ప్రింట్లు వేయించి ఆవిడ ముందు పరిచాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. మొహాలు చూడలేదు, కింద మూలనున్న తారీఖు చూసింది.

ఇక్కడ మా బావ పొదుపు గురించి చెప్పకపోతే కథ నడవదు. ఆయన ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదు. ఆ కెమెరాకి రెండు బ్యాటరీలు కావాలి. వాడనప్పుడు అవి కెమెరాలో ఊరికే కూర్చోవడం ఆయన చూడలేడు. అందుకని ఒకటి గోడగడియారంలో ఉంటుంది, ఒకటి టార్చిలైటులో. ఫొటో దిగాలంటే ముందు ఇంట్లో గడియారం ఆగాలి. ఫొటో అయ్యాక ఎక్కడివక్కడ పెట్టేసి, గడియారం ముల్లు అందాజాగా ముందుకు తోస్తాడు. ఇలా బ్యాటరీలు పీకేసి ఉంచితే కెమెరా తారీఖు మర్చిపోతుంది. మళ్ళీ వేసినప్పుడు, తను తయారైన సంవత్సరం, జనవరి ఒకటి చూపించి, ఇది సరేనా అని అడుగుతుంది. మా బావ ప్రతిసారీ సరేనని నొక్కేస్తాడు. అది నొక్కితేగాని ఫొటో తియ్యనివ్వదని ఆయన ఫిర్యాదు. బొమ్మ మూల నారింజరంగు అంకెలు పడకుండా ఆపడం కూడా తెలియదు. తారీఖు పెట్టుకో బావా, నేను నేర్పిస్తానంటే, "ఫొటో తీసిన రోజు మనకి గుర్తుండదేంటి" అనేవాడు.

అందువల్ల వాళ్ళ కాపురమంతా ఆ ఒక్క జనవరి ఒకటినే జరిగింది. అక్క రెయిన్‌కోటులో ఉన్నదీ ఆ రోజే, సముద్రంలో మోకాలిలోతున నిలబడిందీ ఆ రోజే, చెయ్యి విరిగి కట్టుతో ఉన్నదీ ఆ రోజే. బావ జుట్టుతో మొదలుపెట్టి ఆ రోజు పూర్తయ్యేసరికి గుండై కూర్చున్నాడు.

"ఏమందో తెలుసా?" అన్నాడు బావ. "ఆ రోజు నేను సెలవు పెట్టలేదు, కౌంటర్లోనే ఉన్నాను, ఈ కాగితాలన్నీ దొంగవి అంది. మూలలు కత్తెరతో కత్తిరించి మళ్ళీ చూపించాను. ఏం దాచడానికి కత్తిరించారంది. అప్పట్నుంచి నేను సార్ కూడా కాదు, మోసగాణ్ణి. సాయంత్రం వెళ్ళి తలుపు కొడితే గడియ తియ్యడం లేదు. ఆవిడ పడుకున్నాక పక్కింటావిడ తన దగ్గరున్న తాళంతో పెరటి తలుపు తీస్తోంది. నిన్న మీ అక్క నాతో కిటికీలోంచి అంది, మా తమ్ముడికి కెమెరాల కొట్టుంది, వాడొచ్చి ఈ కెమెరా సరైనదని చెబితే అప్పుడు ఆలోచిస్తానని."

మళ్ళీ ఆయనే, "నువ్వు చెబితే నమ్ముతుంది. కెమెరాల విషయంలో మీ అక్కకి నువ్వంటే గురి" అన్నాడు.

కొట్టు కట్టేసి, కెమెరా తీసుకుని ఆయనతో నడిచాను. దారిపొడుగునా తిడుతూనే నడిచాను. "ఆ తారీఖేదో ఒక్కసారి పెట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది? రెండు బ్యాటరీలకి కక్కుర్తిపడి పెళ్ళాన్ని పోగొట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను." ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, తల దించుకుని నడిచాడు. ఆయన ఎదురుతిరగకపోయేసరికి నాకు తిట్టడంలో రుచి లేకుండాపోయింది.

తలుపు కొట్టి, "అక్కా, నేను" అన్నాను. గడియ తీసింది. నన్ను చూసి నవ్వి, నా వెనకున్న ఆయన్ని చూసి నవ్వు మానేసింది.

"ఈ సార్‌ని నువ్వెందుకు తీసుకొచ్చావురా?"

"కెమెరా చూడమన్నావటగా. చూసి చెబుదామని."

"అయితే ఆయన్ని గుమ్మంలోనే ఉండమను. మా ఆయన వచ్చే వేళయింది, ఇంట్లో పరాయి మనిషిని చూస్తే బాగుండదు."

బావ గుమ్మంలోనే నిలబడ్డాడు. సొంత ఇంటి గుమ్మంలో, సంచీ దించొచ్చో లేదో తెలియని మనిషిలా నిలబడ్డాడు. అక్క, నేను బల్ల దగ్గర కూర్చున్నాం. మూలలు కత్తిరించిన ఫొటోలు ఒక పక్క, కత్తిరించనివి ఒక పక్క, దొంతర్లు పేర్చి పెట్టుంది. రుజువులన్నమాట. గోడ మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"చెప్పు. ఎలాంటి కెమెరా ఇది?"

నేను గొంతు సవరించుకున్నాను. "మంచి కెమెరానే అక్కా. పాతదైనా గట్టిది. బొమ్మలు బాగా..."

"చెవి ఎందుకు గోక్కుంటున్నావు?" అంది అక్క.

చూసుకుంటే నా చెయ్యి చెవి దగ్గరుంది.

"అబద్ధం చెప్పినప్పుడల్లా చెవి గోక్కుంటావు. నువ్వింతప్పట్నుంచీ చూస్తున్నాను" అంది. "నీకేం చెప్పి తీసుకొచ్చాడీయన?"

తన మొగుడి మొహం మర్చిపోయింది గాని నా చెవి మర్చిపోలేదు. ఖర్మ కాకపోతే ఏమిటిది! నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియకుండానే. సరే, ఇక నిజమే చెబుదామని, "కెమెరా తారీఖు తప్పు చూపిస్తుందక్కా, అంతే. బొమ్మలు మాత్రం నిజమైనవే" అన్నాను.

"తారీఖు తప్పయితే బొమ్మనెలా నమ్మమంటావు?" అంది. "రేపు నువ్వూ ఇలాంటిదే ఒకటి పట్టుకొస్తే, నిన్నూ నమ్మాలా?"

నేను కెమెరా ఆవిడ ముందుకి జరిపాను.

అక్క కెమెరాని చేతిలోకి తీసుకుంది. రబ్బరుబ్యాండు విప్పి, మూత తెరిచి, ఖాళీగా ఉన్న బ్యాటరీల గూడు చూసింది. చేతుల్లో దాన్ని తిప్పడం చూస్తే, మతి పోయిన మనిషని ఎవరూ అనరు.

"దీని తారీఖు ఎవరు మారుస్తారు?" అంది, గుమ్మం వైపు చూసి.

"ఎవరూ మార్చరు మేడం" అన్నాడు బావ.

"ఎవరూ మార్చరా?" ఆవిడ గొంతు లేచింది. "తారీఖు మార్చకుండా పని మొదలుపెడతారా ఎవరైనా? చదువుకున్నవాళ్ళేగా మీరు? పొద్దున్నే ఒక్క నిమిషం పని. ఆ ఒక్క నిమిషం బద్ధకిస్తే ఆ రోజు మీ చేతిమీదుగా పోయిన ప్రతి కాగితం అబద్ధమే కదా! సిగ్గుండక్కర్లా?"

"తప్పే మేడం."

"దీంట్లో వేసే బ్యాటరీలేవి?"

బావ ఒక అడుగు లోపలికి వేసి, ఆగి, "రావచ్చా మేడం" అన్నాడు. రమ్మని చెయ్యూపింది. ఆయన కుర్చీ ఎక్కి గోడగడియారం దించి, దాని వీపులోంచి బ్యాటరీ తీశాడు. టిక్కుటిక్కు ఆగిపోయింది. సొరుగులోని టార్చిలోంచి రెండోది తీశాడు. రెండూ ఆవిడ చేతిలో పెట్టి మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

బ్యాటరీలు వేసి మీట నొక్కగానే, ఎప్పటిలాగే ఆ కెమెరా జనవరి ఒకటి చూపించి సరేనా అంది. "కాదు" అంది అక్క, మనిషితో అన్నట్టు. ఏ మీట ఎటు జరుపుతుందో కాసేపు నొక్కి చూసి కనిపెట్టింది. రోజు మార్చింది. నెల మార్చింది. గోడ మీద క్యాలెండర్ చూసి వేసిందేమో, రెండూ సరిగ్గానే ఉన్నాయి. సంవత్సరం మాత్రం రెండుసార్లు నొక్కి ఆగిపోయింది. పోస్టాఫీసులో ఆవిడ పెద్ద కౌంటర్‌కి మారిన సంవత్సరం అది, ఆవిడ లెక్కలో ఇప్పుడు నడుస్తున్నదీ అదే. బావ నెత్తిన ఇంకా దువ్వెన ఆడుతున్న సంవత్సరం.

"అక్కా, సంవత్సరం..." అని నేను నోరు తెరిచాను. గుమ్మంలోంచి బావ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నోరు మూసుకున్నాను.

ముందు ఎదురుగా ఉన్న తెల్లగోడని ఒక ఫొటో తీసింది. కళ్ళజోడు సర్దుకుని, అగ్గిపెట్టెంత తెరలో మూలనున్న అంకెలు చూసుకుంది. తెల్లకాగితం మీద ముద్ర కొట్టి చూసుకున్నట్టే. సంతృప్తిగా తలూపింది.

"ఇప్పుడు రండి" అంది బావతో. "ఇలా స్టూలు మీద కూర్చోండి. మీదొకటి సరైన తారీఖుతో తీసిస్తాను, తీసుకెళ్ళి మీ ఇంట్లో చూపించుకోండి."

బావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ కెమెరా ఎత్తి మీట నొక్కింది. అది కీచుమంది. ఎవరైనా అయిపోయిందనే అనుకుంటారు. అక్క కూడా చేతులు దించబోయింది.

"కదలకు, ఇంకా పడలేదు" అన్నాడు బావ, పళ్ళు కదపకుండా.

మేడం లేదు, మీరు లేదు. ఆ కూత వినగానే ఇన్నేళ్ళ వెధవ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వెంటనే ఆయన మొహం పాలిపోయింది. అక్క చేతులు మాత్రం ఎక్కడివక్కడే ఆగాయి. అప్పుడు ఫ్లాష్ వెలిగింది.

అక్క కెమెరా మెల్లగా దించింది. ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏమండీ?" అంది.

బావ కదల్లేదు. ఫొటో ఇంకా పడలేదన్నట్టే కూర్చున్నాడు.

"ఎప్పుడొచ్చారు? తలుపు చప్పుడే కాలేదు" అంటూ ఆవిడ తెరలోకి చూసింది. చూసి నుదురు ముడిచింది. "ఇదేంటండీ? మీ జుట్టేది?"

తెరలోకీ ఆయన వైపుకీ మార్చిమార్చి చూసింది. ఒక్కో చూపుకీ ఆవిడ మొహంలోంచి ఆ 'ఏమండీ' కొంచెం కొంచెంగా జారిపోవడం నాకు కనబడుతూనే ఉంది. తారీఖు తనే పెట్టింది, తనే సరిచూసుకుంది. తారీఖు సరైనదైతే బొమ్మ సరైనదే. బొమ్మ సరైనదైతే ఈ ముసలాయన ఎవరు? ఇంకొక్క నిమిషం గడిస్తే బావ మళ్ళీ సార్ అయిపోతాడు.

బావకీ అది తెలిసింది. గుండు మీద చెయ్యి వేసుకుని, "ఈ కెమెరా మంచిది కాదోయ్" అన్నాడు. ఇన్నేళ్ళు దాని మీద ఈగ వాలనివ్వని మనిషి ఆ మాటన్నాడు. "చవకది కదాని నేనే కొన్నాను. మీ తమ్ముడు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. నేను వినలేదు."

అక్క నా వైపు తిరిగింది. "నిజమేనా? నువ్వు చెప్పు."

ఆవిడ నా మొహం చూడటం లేదు. నా కుడిచెయ్యి చూస్తోంది.

"పరమ చెత్త కెమెరా అక్కా" అన్నాను. "ఇంతకన్నా దిక్కుమాలినది నా కొట్లోకి రాలేదు. అన్నిట్లోకీ కిందమెట్టుది. ఫ్లాష్ పడితే చాలు, మనిషి మొహం సున్నం కొట్టిన గోడే. గదిలో ఏదీ సరిగ్గా పట్టదు. దీన్ని అవతల పారెయ్యమని బావకి నేను చెప్పని రోజు లేదు." మాటలు వాటంతటవే వచ్చాయి. చెయ్యి నా మోకాలి మీదే ఉంది. చెవి వైపు దానికి పనే లేదు.

"జుట్టు కూడా పట్టదా?"

"జుట్టసలే పట్టదు. మనిషికి ఉన్న వయసు మీద ఇంకొంత అంటగడుతుంది."

అక్క గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలింది. కెమెరాని బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

"కెమెరాదా తప్పు?" అంది. "నేనింకా నాకే ఏదో అయిందనుకున్నానురా. కొన్నాళ్ళుగా చూస్తున్నాను, అందరూ వేరేగా కనబడుతున్నారు. ఎవరితోనూ అనలేదు. భయమేసి."

బావ సంచీ పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీకేమీ కాలేదక్కా" అన్నాను. "కెమెరాదే లోపం."

చెవి భగ్గుమంది. జన్మలో ఎప్పుడూ అంత దురద పుట్టలేదు. కుర్చీ అంచు కింద చెయ్యి పెట్టి, వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకున్నాను. ఆవిడ నా చేతికోసం చూసింది. అది కదల్లేదు.

"అయితే పారెయ్, ఇంట్లో ఉంచకు" అని కెమెరా నా ముందుకు తోసింది. తర్వాత ఆయనతో, "ఇంకా ఆ స్టూలు మీదే కూర్చున్నారేం, పొరుగింటికొచ్చినట్టు? సంచీ అక్కడ పెట్టి కాళ్ళూ చేతులూ కడుక్కోండి" అంది.

"వస్తున్నానోయ్" అన్నాడు బావ. లేచి, సంచీ మేకుకి తగిలించి లోపలికి వెళ్ళాడు. రేపు పొద్దున లేచేసరికి ఏమవుతాడో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా వెళ్ళాడు.

నేను కెమెరా జేబులో వేసుకుని బయటపడ్డాను. నిజంగానే జేబులో పడుతుంది. గడియారం బ్యాటరీ అందులోనే ఉండిపోయిందని వసారాలోకి వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు. దీపం కింద నిలబడి ఆ ఆఖరి ఫొటో చూశాను. నా వృత్తిలో అంత చవక కెమెరాలో అంత సరైన బొమ్మ చూడలేదు. గుండు, గుండు మీది చెమట, మాసిన గడ్డం, ఒళ్ళో సంచీ, బిగబట్టిన పెదవులు, ఉన్నదున్నట్టు పడ్డాడు మా బావ.

మెట్లు దిగి, వాళ్ళ కిటికీ కనబడనంత దూరం నడిచి, మందులషాపు ముందున్న బల్ల మీద కూర్చున్నాక, అప్పుడు చెవి గోక్కున్నాను.